తూము దగ్గర మలుపు

ఆ పిల్లకి చిటికె అని పేరు పెట్టింది కింది వాటాలో ఉండే పోస్టు తాతయ్య. వీధి చివరి కొట్టుకి సబ్బుబిళ్ళ కోసం పంపితే, పంపినవాళ్ళు గుమ్మంలోంచి లోపలికి తిరిగేలోపే బిళ్ళ పట్టుకుని ఎదురుగా నిలబడేది. "దీన్ని పోస్టాఫీసువాళ్ళు ముందే చూసి ఉంటే నాకు ఉద్యోగం ఇచ్చేవాళ్ళే కాదు" అనేవాడాయన. జీవితమంతా సైకిలు మీద ఉత్తరాలు పంచి, ఇప్పుడు పింఛను పుచ్చుకుంటూ, మెట్ల పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఆయన నోట పడ్డ పేరు మేడంతా పాకింది. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఆ పిల్ల అసలు పేరు ఎవరికీ అవసరం పడేది కాదు.

చిటికె తల్లి లాండ్రీలో పనిచేసేది. హోటళ్ళ నుంచి మూటలు మూటలుగా వచ్చే దుప్పట్లూ తువ్వాళ్ళూ ఇస్త్రీ చేసి మడతపెట్టడం ఆమె పని. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఆవిరికి మొహం ఉబ్బిపోయి వచ్చేది. మొగుడు లారీ ఎక్కాడంటే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆ లారీకే తెలియాలి. ఒక్కగానొక్క పిల్లని ఒంటిచేత్తో పెంచుతూ, ఎవరి జోలికీ పోకుండా, ఎవర్నీ తన జోలికి రానివ్వకుండా బతుకుతున్న మనిషి. అలాంటామెకు ఉన్నట్టుండి గొప్ప చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. కూతురి కాళ్ళు.

చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలన్నీ కలిసి ఏటా చలికాలం వెళ్ళేముందు పిల్లలకు క్రాస్ కంట్రీ పరుగు పెట్టేవి. బడి మైదానంలో బయల్దేరి, కాలవగట్టు వెంట పోయి, గోదాముల వెనక తూము దగ్గర మలుపు తిరిగి, గుట్ట వాలు మీదుగా మళ్ళీ మైదానానికి రావాలి. చిటికె మూడో తరగతిలో ఉండగా మొదటిసారి అందులో పరుగెత్తింది. తల్లి లాండ్రీలో అందరికీ చెప్పి, ఒక పూట సెలవు పెట్టి, గమ్యం గీత దగ్గర నిలబడింది. గుట్ట మీద పిల్లలు కనబడ్డప్పుడు ముందున్నది తన కూతురు కాదు. ఆ వెనకదీ కాదు. పదిమంది దాటాక వచ్చింది, మోకాళ్ళ నిండా మట్టితో, నవ్వుకుంటూ. దారిలో వేరే బడి పిల్లవాడెవడో పడ్డాడట. వాడి బూటు ఊడి కాలవలోకి దొర్లిందట. దిగి, తెచ్చి, తొడిగి, తాడు కట్టి వచ్చిందట.

"వాడికి ముడి వెయ్యడమే రాదమ్మా" అంది, అదేదో వింతలాగా.

"నీకు వచ్చింది కదా, అందుకే పదకొండోదానివయ్యావు" అంది తల్లి. ఇంటిదాకా అదే పాట. "పడ్డవాడికి అమ్మా నాన్నా లేరా? మాస్టార్లు లేరా? ఊరందరి బరువూ నీ నెత్తికెందుకే? ఎవరు పడనీ, ఎవరు చావనీ, నీ దారి నువ్వు చూసుకో. ఆగినవాళ్ళని తొక్కుకుంటూ పోతారు గానీ ఎవరూ దణ్ణం పెట్టరు."

మర్నాడు లాండ్రీలో ఆడవాళ్ళు ఊరుకోలేదు. "మీ అమ్మాయి పరుగుపందేనికి వెళ్ళిందా, సంఘసేవకి వెళ్ళిందా?" అని ఒకటే నవ్వులు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం కూతురికి మళ్ళీ ఓ దఫా చీవాట్లు పెట్టింది.

మరుసటి ఏడు డ్రిల్లు మాస్టారు కూడా అదే చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేం లేదు. పోయినసారి ఒకరి కోసం ఒకరు ఆగి, గుంపుగా పడి, ఇద్దరు పిల్లలకు చేతులు విరిగాయి. అందుకని వరసలో నిలబెట్టి మరీ చెప్పాడు. "వెనక్కి తిరిగి చూడొద్దు. ఎవరైనా పడితే ఆగొద్దు. ప్రతి మలుపులోనూ జెండా పట్టుకుని పెద్దవాళ్ళుంటారు. పడ్డవాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మీ పని పరుగెత్తడం. అర్థమైందా?" పిల్లలంతా గొంతు కలిపి అర్థమైందన్నారు. జెండా పట్టుకున్నవాళ్ళని ఎవరు చూసుకుంటారన్నది ఎవరికీ తట్టలేదు.

తూము దగ్గర మలుపులో జెండా పట్టుకోవడానికి పోస్టు తాతయ్య తనంతట తానే వస్తానన్నాడు. "ఇన్నేళ్ళూ నా వెనక కుక్కలు పరుగెత్తాయి. ఒక్కరోజు నా ముందు పిల్లలు పరుగెత్తితే చూడాలనుంది" అన్నాడు. ఆయన భార్యని చిటికె మామ్మ అనేది, చిటికె తల్లి పిన్నిగారూ అనేది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎండలో ఎంతసేపని నిలబడతారు? టోపీ ఏదీ? జెండా ఊపింది చాల్లెమ్మని తొందరగా రండి" అని వెనకనుంచి కేకలేసింది. ఆయన వినపడనట్టు చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయాడు.

ఆరోజు గుట్ట మీద మొదట కనబడ్డది చిటికె. వెనక ఎవరూ లేరు. అంత దూరాన మిగతా గుంపు చీమలబారులా ఉంది. తల్లికి కాళ్ళు నేల మీద ఆనలేదు. "అది నా కూతురు! అది నా కూతురే!" అని పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం పట్టుకుని కుదిపేసింది. చిటికె గీత దాటింది. దాటి, అందరు పిల్లల్లా పడిపోకుండా, నిలబడి వెనక్కి తిరిగి గుట్టవైపు చూసింది. తల్లి పరుగెత్తి వెళ్ళి వాటేసుకుంటే పిల్ల ఒళ్ళంతా వణుకుతోంది. పరుగెత్తింది కదా అనుకుంది.

కప్పు ఇచ్చారు. ఫోటో తీశారు. ఫోటోలో చిటికె ఒక్కతే నవ్వలేదు.

చివరగా వచ్చిన పిల్లల్లో ఒకడు డ్రిల్లు మాస్టారితో, "సార్, తూము దగ్గర తాత పడుకున్నాడు" అన్నాడు. "ఎండకి కాస్త నడుం వాల్చుంటాడ్రా. నువ్వు ముందు నీళ్ళు తాగు" అన్నాడాయన. మిగతా జెండాలవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, టీ తాగి, ఎవరి దారిన వాళ్ళు పోయారు. తాతయ్య నేరుగా ఇంటికి వెళ్ళి ఉంటాడనుకున్నారు. ఇంట్లో మామ్మేమో బళ్ళో కబుర్లు చెబుతూ కూచుని ఉంటాడనుకుంది. మధ్యాహ్నం వంట చల్లారిపోయాక కోపంగా వెతుక్కుంటూ బయల్దేరింది. తూము గోడకి ఆనుకుని, తల పక్కకి వాలి, ఒళ్ళో జెండాతో ఉన్నాడు. టోపీ లేదు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు కుర్రవాడు. చూసి, గుండెపోటు అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఇంకాస్త ముందు తెచ్చుంటే ఏమైనా చేసేవాళ్ళం" అన్నాడు. ఆ ముక్క సాయంత్రానికల్లా మేడలో అన్ని వాటాలకీ పాకింది.

మర్నాడు పొద్దున తల్లి కప్పుని గుడ్డతో తుడిచి బీరువా మీద పెడుతోంది. కింద చావు జరిగిన ఇల్లుంది. ఇప్పుడు పైకి కనబడేలా పెట్టొచ్చా, బాగుండదేమో అని ఆలోచిస్తోంది. చిటికె మంచం అంచున కూచుని చూస్తోంది.

"అది దించెయ్యమ్మా" అంది.

"ఎందుకే?"

"తాతయ్య పిలిచాడు."

తల్లికి మొదట అర్థం కాలేదు. కలగందేమో అనుకుంది. "ఎప్పుడు?"

"పరుగెత్తేటప్పుడు. గోడకి ఆనుకుని కూచున్నాడు. ఇక్కడ చెయ్యి పెట్టుకున్నాడు." పిల్ల తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూపించింది. "ఇంకో చెయ్యి ఎత్తి, అమ్మా ఆగు అన్నాడు."

"నువ్వేం చేశావు?"

"ఆగలేదు."

తల్లి చేసిన మొదటి పని వెళ్ళి కిటికీ మూయడం. రెండో పని గుమ్మం తలుపు గడియ పెట్టడం. ఆ తరవాత వచ్చి కూతురి ముందు గొంతుక్కూచుంది. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఎవరడిగినా చూడలేదని చెప్పు. మీ నాన్న అడిగినా సరే."

"చూశాను కదమ్మా."

"చూడలేదు" అంది తల్లి. "విన్నావా? నువ్వు పరుగెత్తుతున్నావు. ముందుకి తప్ప చూడలేదు. అంతే."

తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన ఒక చావు పడితే అది జన్మంతా మొయ్యాలి. జనం ఊరుకుంటారా? రేపు బళ్ళో, వీధిలో, ఎక్కడికెళ్ళినా ఇదిగో ఈ పిల్లే, ముసలాయన పిలుస్తున్నా పట్టించుకోకుండా కప్పు కోసం ఉరికిన పిల్ల అంటారు. ఆ భయం నిజమే. కానీ ఆ భయం కింద ఇంకో భయం ఉంది. ఈ పిల్ల అలా ఎందుకు ఉరికిందని ఎవరైనా అడిగితే, ఆగొద్దని నీకు నేర్పింది ఎవరని అడిగితే? దాన్ని ఆమె తన మనసులోకి కూడా రానివ్వలేదు.

ఫ్లాస్కు నిండా టీ పోసుకుని కిందికి వెళ్ళింది. మామ్మ గోడవైపు చూస్తూ కూచుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఇంకిపోయిన మొహం. గుమ్మం దగ్గర డ్రిల్లు మాస్టారు మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూలబడి ఉన్నాడు. అతన్ని ఎవరూ తిట్టడం లేదు, ఓదార్చడమూ లేదు.

మామ్మ టీ గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకుని, "మీ చిటికే అందరికంటే ముందొచ్చిందట కదా" అంది.

"అవును పిన్నిగారూ."

"అంటే తూము దగ్గరికీ అదే ముందెళ్ళి ఉంటుంది. ఆయన్ని చూసిందేమో అడిగావా? అప్పటికి ఎలా ఉన్నాడో?"

"అడిగానండీ. చూడలేదంది. పరుగెత్తేటప్పుడు దానికి ఏమీ కనపడదు" అంది చిటికె తల్లి. అబద్ధం అంత సాఫీగా, ఇస్త్రీ చేసిన దుప్పటిలా తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

బళ్ళో పెద్ద పంతులమ్మ పిల్లల్నందరినీ పిలిచి అడిగింది. కూచుని ఉన్నాడన్నారు కొందరు. నిద్రపోతున్నాడనుకున్నామన్నారు కొందరు. ఆగొద్దన్నారు కదా టీచర్ అన్నారు ఇంకొందరు. చిటికె చూడలేదంది. పిల్లలకేం తెలుసని అక్కడితో వదిలేశారు. డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. వచ్చే ఏడు నుంచి పరుగు మైదానంలోనే, గుండ్రంగా, అందరి కళ్ళ ముందే అని నిర్ణయించారు.

ఆ తరవాత చిటికె ఆగడం మొదలుపెట్టింది.

బస్సు కోసం ఎవరైనా అరుగు మీద కూచుని ఉంటే వాళ్ళ ముందు ఆగేది. "బాగానే ఉన్నారా?" అని అడిగేది. తాగి గోడవారన పడ్డవాడి దగ్గర ఆగేది. ఇసుకకుప్ప మీద కునుకు తీస్తున్న కూలీ దగ్గర ఆగేది. "నాకేం పోయేకాలం తల్లీ, బాగానే ఉన్నా" అని నవ్వేవాళ్ళు నవ్వేవాళ్ళు, కసిరేవాళ్ళు కసిరేవాళ్ళు. జవాబు వచ్చేదాకా కదిలేది కాదు. నిద్రపోతున్నవాళ్ళ దగ్గర ఇంకా కష్టం, ఛాతీ పైకీ కిందికీ కదులుతోందో లేదో చూస్తూ నిలబడిపోయేది. కొట్టుకి పంపితే గంటకి కూడా వచ్చేది కాదు. బడికి రోజూ ఆలస్యమే. చిటికె అన్న పేరు ఇప్పుడు మేడలో వెక్కిరింతలా వినబడేది.

తల్లి చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయేది. "కూచున్నవాళ్ళందరూ చచ్చిపోరే!" అని ఒకరోజు నడివీధిలో అరిచింది. పిల్ల తల దించుకుని నడిచింది గానీ వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉంది.

నాన్న లారీ దిగి రెండు రోజులున్నాడు. కప్పు ఏదని అడిగాడు. బీరువాలో ఉందన్నారు. పిల్ల మెతకబడిందేమిటని అడిగాడు. "కింద తాతయ్య పోయాడు కదా, బెంగ పెట్టుకుంది" అంది భార్య. ఆయన పిల్లకి కొత్త బూట్లు కొనిచ్చి మళ్ళీ లారీ ఎక్కాడు.

కొన్నాళ్ళకి చిటికె సాయంత్రాలు మామ్మ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. బడి నుంచి వచ్చి, సంచి మెట్ల మీద పడేసి, నేరుగా కింది వాటాలోకే. తల్లి లాండ్రీ నుంచి వచ్చేసరికి పైకి వచ్చేసేది. మొదట తల్లి భయపడింది. కానీ మామ్మ ఏమీ అనలేదు, మెట్ల దగ్గర ఎదురైనప్పుడు మామూలుగానే తల ఊపేది. ముసలావిడకి తోడు, పిల్లకి కాస్త మనసు కుదుట పడుతుంది అనుకుంది. వీధిలో ఆగడం కూడా తగ్గినట్టు అనిపించింది. ఏదో ఒక మంచి జరుగుతోందనుకుంది పిచ్చితల్లి.

ఓ రోజు లాండ్రీలో బాయిలరు ఆగిపోయింది. అందర్నీ పెందలాడే పంపేశారు. ఆమె మెట్లెక్కబోతూ, కూతుర్ని పిలుద్దామని మామ్మ వాటా ముందు ఆగింది. తలుపు ఓరగా వేసి ఉంది.

"మొదట్నుంచి చెప్పు" అంటోంది మామ్మ గొంతు.

"కాలవగట్టు దిగాక మలుపు కనబడింది. తాతయ్య గోడకి ఆనుకుని కూచున్నాడు." చిటికె పాఠం అప్పజెప్పే గొంతుతో చెబుతోంది. ఎక్కడా తడుముకోవడం లేదు.

"ఏ చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు?"

"ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ఎత్తాడు. అమ్మా ఆగు అన్నాడు."

"గట్టిగా అన్నాడా, మెల్లగానా?"

"మెల్లగా."

"తరవాత?"

"తరవాత..." కాస్త ఆగింది. "మామ్మకి చెప్పు అన్నాడు."

"ఏం చెప్పమన్నాడు?"

"మందులు వేళకి వేసుకోమను అన్నాడు."

"నిన్న ఆ మాట చెప్పలేదే?"

"ఇవాళ గుర్తొచ్చింది మామ్మా."

తలుపు సందులోంచి తల్లికి మామ్మ మొహం కనబడింది. ఎండిపోయిన ఆ మొహం మీదికి ఎక్కడినుంచో ఒక వెలుగు వచ్చింది. ఆకలిగొన్నవాళ్ళు కంచం ముందు కూచున్నప్పుడు ఉంటుందే, అలాంటిది. చిటికె ముక్కాలిపీట మీద, వీపు నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పరుగెత్తుతూ పోయే పిల్లకి అన్ని మాటలు వినబడే వీల్లేదు. అది అక్కడున్న ఇద్దరికీ తెలుసు, బయట నిలబడ్డామెకీ తెలుసు.

ఆమె లోపలికి వెళ్ళలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా పైకి వెళ్ళిపోయింది.

చిటికె పైకి వచ్చింది. తల్లి ముందే వచ్చేసి ఉండడం చూసి ఉలిక్కిపడింది; కింద తమ మాటలు విందని దానికి అర్థమైంది. చేతులు కడుక్కుంది, అన్నం ముందు కూచుంది. మెతుకులు అటూ ఇటూ జరుపుతూ చాలాసేపటికి తల ఎత్తింది.

"అమ్మా, రేపు ఏం చెప్పను? నాకింక ఏమీ తట్టడం లేదు."

తల్లి గరిటె కింద పెట్టింది.

ఆ పిల్ల కళ్ళలో ఏడుపు లేదు. ఇంటిలెక్క రాక పక్కవాళ్ళని అడిగే పిల్ల మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. తల్లి వెళ్ళి దాన్ని దగ్గరికి తీసుకోబోయింది. పిల్ల కదలకుండా, కర్రలా ఉంది. "చెప్పకపోతే మామ్మ మాట్లాడదు. గోడవైపు తిరిగి కూచుంటుంది" అంది.

మర్నాడు లాండ్రీకి సెలవు. తల్లి కూతుర్ని ఇంట్లోనే ఉండమని కిందికి దిగింది. మామ్మ తలుపు తీసి, వెనక పిల్ల ఉందేమోనని ఆమె భుజం మీదుగా చూసింది.

"అది రాలేదు పిన్నిగారూ. నేనే వచ్చాను."

"రా."

కూచోమనలేదు. ఆమె కూచోలేదు. "అది మీకు చెప్పేవన్నీ నిజం కాదండీ. ఆగు అన్న మాట ఒక్కటే నిజం. మిగతావి కల్పించి చెబుతోంది."

"తెలుసు" అంది మామ్మ.

తల్లి బిత్తరపోయింది.

"కాపురానికి వచ్చినప్పట్నుంచి ఒక్కనాడు నన్ను మందులేసుకోమన్న మనిషి కాదాయన. తన మందులే నేను గుర్తు చెయ్యాలి. నాకు తెలియదా? అయినా వింటుంటే బాగుంది. రోజుకొక మాట. ఇంకో మాట ఉందేమోనని రేపటిదాకా బతకబుద్ధేసేది."

"అది పసిపిల్ల పిన్నిగారూ."

"అవును. నేనే చూసుకోలేదు." మామ్మ నేలకేసి చూసింది. "మొదటిరోజు వచ్చి, నేను చూశాను మామ్మా, ఆగలేదు అని చెప్పినప్పుడు దాన్ని కొడదామని చెయ్యెత్తాను. చెంప ముందుకి పెట్టింది. అలా పెట్టేసరికి కొట్టలేకపోయాను. కొట్టి ఉంటే బాగుండేదేమో. ఇద్దరికీ అక్కడితో తీరిపోయేది. దానికి బదులు ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అని పీల్చుకు తిన్నాను."

పైవాటాలో ఎవరో బిందె నేల మీద పెట్టిన చప్పుడు వినబడింది. చిటికె తల్లి దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కేసింది. "తప్పు దానిది కాదండీ. నాది. కిందటేడు ఎవడి కోసమో ఆగిందని నేనే నానా మాటలూ అన్నాను. ఎవరు చావనీ నీ దారి నువ్వు చూసుకో అన్నాను. అచ్చంగా అదే మాట అన్నాను. అది నా మాట వింది, అంతే."

మామ్మ తల ఎత్తింది. అప్పటిదాకా ఆ మొహంలో ఉన్న మెత్తదనం పోయింది.

"ఇది నాకెందుకు చెబుతున్నావు?"

"మీకు తెలియాలని..."

"నీ బరువు దించుకోవాలని. నా ఇంట్లో చోటు లేదమ్మాయ్. ఆయన వస్తువులకే చోటు చాలడం లేదు." గొంతు పెంచలేదు. "నేను ఆరోజు నిన్ను అడిగాను. టీ గ్లాసు నా చేతిలో పెట్టి, చూడలేదన్నావు. పిల్లది భయపడి పరిగెత్తింది, మళ్ళీ దానంతటదే వచ్చి చెప్పింది. నువ్వు పెద్దదానివి. రోజూ ఈ గుమ్మం ముందునుంచే ఎక్కావు, దిగావు. పిల్ల సంగతి నేను మర్చిపోతాను. నీ సంగతి మర్చిపోను."

"పిన్నిగారూ..."

"దాన్ని ఇక పంపకు. వెళ్ళు."

ఆమె మెట్లెక్కింది. పైన గుమ్మంలో చిటికె నిలబడి ఉంది. అంతా విందో కొంత విందో తెలియదు.

"నేను ఏమైనా తప్పు చెప్పానా అమ్మా?"

"లేదు." తల్లి అక్కడే పై మెట్టు మీద కూలబడింది. పిల్లని ఎదురుగా నిలబెట్టుకుంది. ఈసారి తలుపూ మూయలేదు, కిటికీ మూయలేదు. "చూడు. ఆరోజు నువ్వు ఆగి ఉండాల్సింది. అది నిజం. కానీ ఆగొద్దని నీకు చెప్పింది నేను. అందుకని ఆ తప్పు నాది, నీది కాదు. అర్థమైందా?"

చిటికె కాసేపు ఆలోచించింది.

"కానీ పరుగెత్తింది నేను కదా" అంది.

 

సాయంత్రాలు చిటికె మెట్ల మీదే కూచునేది. మామ్మ తలుపు మూసే ఉండేది. బయట ఆగడం మళ్ళీ మొదలైంది గానీ మునుపటంత కాదు. ముసలివాళ్ళయితేనే ఆగేది, దూరంనుంచే ఒకసారి చూసి, వాళ్ళు కదిలితే చాలు, నడిచేది. పరుగు మాత్రం మానేసింది. వాన వచ్చినా, బడి గంట కొట్టేసినా నడిచే వెళ్ళేది. నాన్న కొన్న బూట్లు మంచం కింద, పెట్టెలోనే ఉండిపోయాయి.

వేసవి మొదట్లో మామ్మ చెల్లెలు ఒక చిన్న ట్రక్కు మాట్లాడుకుని వచ్చింది. మామ్మ వాటా ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. మేడలోవాళ్ళంతా తలా ఒక చెయ్యి వేసి సామాను మోశారు. చిటికె తల్లి కూడా వెళ్ళి వంటసామాను పెట్టె ఒక పక్క పట్టుకుంది. రెండో పక్క పట్టుకున్న మామ్మ, అది ఆమె అని చూసి, పెట్టె కింద పెట్టేసి లోపలికి వెళ్ళింది. ఇంకెవరో వచ్చి ఎత్తారు. అందరూ చూశారు. చిటికె తల్లి చేతులు దులుపుకుని, గోడవారగా జరిగి నిలబడింది.

చిటికె అడక్కుండానే దుప్పట్లు మోసింది, దిళ్ళు మోసింది, తాతయ్య కుర్చీ ఈడ్చుకుంటూ తెచ్చింది. దాన్ని మామ్మ ఆపలేదు. కుర్చీ ఎక్కించాక మామ్మ డ్రైవరు పక్క సీటులో కూచుని, కిటికీలోంచి చెయ్యి చాపి పిల్లని దగ్గరికి పిలిచింది. చిటికె చక్రం మీద కాలు పెట్టి పైకి లేచింది. మామ్మ దాని చెవి దగ్గర ఏదో చెప్పింది. చిన్న మాట కాదు, కాస్త పెద్దదే. పిల్ల వింటున్నంతసేపూ తల కదపలేదు. చివర్న ఒక్కసారి ఊపింది. తరవాత దిగి పక్కకి జరిగింది. ట్రక్కు కదిలింది. పిల్లలు కొందరు దాని వెనక వీధి మలుపుదాకా కేకలేస్తూ పరుగెత్తారు. చిటికె పరుగెత్తలేదు.

ఇంట్లోకి వచ్చాక తల్లి చాలాసేపు ఓర్చుకుంది. కంచాలు కడిగింది, పొయ్యి తుడిచింది, తుడిచిందే మళ్ళీ తుడిచింది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మామ్మ నీతో ఏం చెప్పిందే?"

చిటికె తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం లేదు. కానీ పెద్దవాళ్ళు ఇవ్వకూడదనుకున్నది వెనక దాచుకుని చూసే చూపులాంటిది అందులో ఉంది.

"నాకు చెప్పింది" అంది.

"అదే, ఏమని?"

పిల్ల ఏదో ఒకటి కల్పించి కూడా చెప్పలేదు. సంచిలోంచి పుస్తకం తీసి, కిటికీ దగ్గర వెలుతురు ఉన్నచోట కూచుని, హోంవర్కు రాసుకోవడం మొదలుపెట్టింది. తల్లి తడిచేతులతో నిలబడి చూస్తూ ఉండిపోయింది. కింద ఖాళీ వాటాలో ఇంటివాళ్ళు చీపుళ్ళతో ఊడుస్తున్న చప్పుడు మెట్ల మీదుగా పైకి వస్తోంది.